సత్తుపిండి నుంచి బాలామృతం దాకా: పిల్లల ముద్ద కథ



అమీర్‌పేట అనంగనే మన ఊళ్లవాళ్లకు కోచింగ్ సెంటర్లు యాదికొస్తాయి. పంజాగుట్ట అంటే నిమ్స్ ఆసుపత్రి. పిల్లల చదువుకు ఒకటి, పెద్దల రోగానికి ఒకటి. ఈ రెండు పనులు కాకుండా అక్కడ మనకు ఇంకో సంబంధం ఉంది. అమీర్‌పేటలో సారథి స్టూడియో దగ్గర, వెంగళరావునగర్‌లో మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ పెద్దాఫీసు ఉంది. అంగన్‌వాడీ టీచరమ్మ ‘పైనుంచి చెప్పిన్రు’ అంటే ఆ ‘పైన’ అదే. మన ఊళ్లో ఏడు నెలల బిడ్డకు ఇచ్చే పిండి, గర్భిణికి పెట్టే గుడ్డు, వీటి లెక్కలన్నీ ఆ బిల్డింగు దాకా పోతాయి.

ఈ పోస్టు రాయడానికి కారణం ఒకటే. మూడు నెలల కింద మా ఊళ్లో ఒక ఇంటి ముందర నిలబడి మాట్లాడుతున్నా. ఆ ఇంటి కోడలు బాలామృతం ప్యాకెట్టు చింపి సగం బర్రె కుడితిలో కుమ్మరించింది. ‘ఇదేంది బిడ్డా’ అంటే, ‘పోరడు నోట్లో పెడితే ఉమ్మేస్తుండు పెద్దబాపూ, పురుగు పట్టి పోయేకన్నా బర్రె తింటే పాలన్నా ఇస్తది’ అన్నది. ఆమెను తిట్టబుద్ధి కాలేదు. ఆమె లెక్క ఆమెకు సరిగ్గానే ఉంది. కానీ ఆ పిల్లగాడిది అంగన్‌వాడీలో బరువు తక్కువ లిస్టులో ఉన్న పేరు. సర్కారు ఖర్చు పెట్టింది, టీచరమ్మ రాసుకుంది, తల్లి సంతకం పెట్టింది, పిల్లగాని కడుపులోకి మాత్రం పోలేదు.

పిల్లలు తినే ముద్ద గురించి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్రలో సగం హైదరాబాద్‌లోనే నడిచింది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి నాగోల్ వైపు పోతే బేగంపేట, సికింద్రాబాద్ దాటినంక తార్నాక స్టేషన్ వస్తది. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అంటారు. దాని తర్వాత హబ్సిగూడలో దిగి ఆటో ఎక్కితే నాచారం. బాలామృతం తయారుచేసే తెలంగాణ ఫుడ్స్ ఉండేది అక్కడే. అంటే లెక్క చూసే ఆఫీసు, పరిశోధన చేసిన సంస్థ, పిండి పట్టే ఫ్యాక్టరీ, మూడూ ఒక్క మెట్రో లైను పొడుగునే ఉన్నయి. ముడిసరుకు మాత్రం మన దగ్గర ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తా.

ముందు మన ఇండ్ల సంగతి. సద్దుల బతుకమ్మ నాడు అమ్మలు ఏం చేస్తారు? సత్తుపిండి. నువ్వుల సత్తు, పల్లీల సత్తు, పెసర సత్తు, మక్కల సత్తు. గింజను మంగలంలో దోరగా వేయించి, ఇసుర్రాయిలో పట్టి, బెల్లమో చక్కెరో కలిపి దంచుడు. ఇంకోటి మలీద. జొన్న రొట్టెనో గోధుమ రొట్టెనో వేడివేడిగా ముక్కలు చేసి, బెల్లం వేసి, కాస్త నెయ్యి తగిలించి పిసికి ముద్దలు కట్టుడు. బతుకమ్మ చెరువులో వదిలినంక ఆ ముద్దల కోసం మేం చేసిన కొట్లాటలు మీ అందరికీ తెలిసినవే. పండుగ అయిపోయినా సత్తు వారం పది రోజులు డబ్బాలో ఉండేది, బడి నుంచి రాంగనే గుప్పెడు నోట్లో పోసుకుని మాట్లాడితే పిండంతా ఎగిరేది.

సత్తు అంటే వేయించిన గింజ, వేయించిన పప్పు, నూనె గింజ, బెల్లం. ఈ నాలుగు మాటలు మనసులో పెట్టుకోండి.

ఇది చెప్పంగనే కొందరు ‘అందుకే పాత తిండే మంచిది, మన తాతలు ఉక్కులెక్క ఉండేటోళ్లు’ అంటారు. నాకు ఆ మాట పూర్తిగా నచ్చదు. ఉక్కులెక్క ఉన్నోళ్లు బతికి మనకు తాతలయిన్రు. బతకనోళ్ల సంగతి ఎవరు చెప్తారు? 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయిన్రు. మా నాయనమ్మ కన్నది తొమ్మిది మందిని, మిగిలింది నలుగురు. మంచి తిండి పండుగకు ఉండేది, రోజూ ఉండేది కాదు. రోజూ జొన్న గట్క, సల్ల, కారం. జొన్న ఒక్కటే తిని బతికిన పేదోళ్లకు పెల్లాగ్రా అనే చర్మ రోగం వచ్చేది. మెడ చుట్టూ, చేతుల మీద తోలు నల్లగా మాడినట్టు అయ్యేది. ఎన్ఐఎన్ డాక్టర్లు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ఈ జొన్న-పెల్లాగ్రా సంబంధం గురించి రాసింది హైదరాబాద్‌లో చూసిన రోగుల మీదనే. జొన్న చెడ్డదని కాదు, ఏ గింజయినా ఒంటరిగా తింటే సరిపోదు. పక్కన పప్పు పడాలి.

ఎన్ఐఎన్ పుట్టింది మాత్రం హైదరాబాద్‌లో కాదు. 1918లో తమిళనాడు కూనూరులో మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు ఒక చిన్న గదిలో బెరిబెరి రోగం మీద పరిశోధన మొదలుపెట్టిండు. పాలిష్ పట్టిన బియ్యం తినేటోళ్లకు వచ్చే రోగం అది. ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టిన్రు. దాన్ని నిలబెట్టింది సి. గోపాలన్. 1960 నుంచి 1974 దాకా డైరెక్టరు, నూరేళ్లు బతికి 2019లో పోయిండు.

ఆ రోజుల్లో ప్రపంచమంతా ఒకటే మాట: పేద పిల్లలకు ప్రోటీన్ లేదు, ప్రోటీన్ పంపాలి. మైసూరులోని సీఎఫ్‌టీఆర్ఐ వాళ్లు పల్లి చెక్క పిండి మూడు పాళ్లు, శనగపిండి ఒక పాలు కలిపి ఒక ఆహారం తయారుచేసిన్రు. అమెరికా 1954లో పీఎల్-480 అనే చట్టం చేసి తమ దగ్గర మిగిలిన ధాన్యం పేద దేశాలకు పంపడం మొదలుపెట్టింది. మనతో 1956లో ఒప్పందం అయింది. కేర్ సంస్థ ద్వారా బడులకు గోధుమ నూక, మక్క-సోయా-పాలపొడి కలిపిన పిండి, నూనె డబ్బాలు వచ్చేవి. నా వయసోళ్లకు యాది ఉంటది ఆ పసుపుపచ్చ ఉప్మా. మోదుగాకు డొప్పలో పెట్టేవాళ్లు. వాసన ఒక రకంగా ఉండేది, కానీ ఆకలికి వాసనేంది! బడికి రాని పిల్లలు కూడా గంట కొట్టే టైముకు గోడ పక్కకు వచ్చేవాళ్లు. దానితో చదువుకున్నోళ్లం ఉన్నాం కాబట్టి దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే ఒక్క మాట. పల్లీ పండించే ఊళ్లో, శనగ పండించే ఊళ్లో, పిల్లల తిండి సముద్రం దాటి ఓడలో వచ్చేది.

గోపాలన్ ఈ ప్రోటీన్ మాటను గట్టిగానే పరీక్షించిండు. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లల్లో చిన్న పిల్లలకు గోధుమ పిండి, చక్కెర, నూనె కలిపి చేసిన తియ్యటి తిండి రోజూ పెట్టిన్రు. అందులో 310 కేలరీల శక్తి, కేవలం 3 గ్రాముల ప్రోటీన్. పద్నాలుగు నెలలు పెట్టిన్రు. పిల్లలు ఎత్తు పెరిగిన్రు, బరువు పెరిగిన్రు. 1973లో ఈ ఫలితం అచ్చయింది. అంటే మన పిల్లల్లో ముందు లోటు ప్రోటీన్ కాదు, అసలు కడుపు నిండా తిండే తక్కువ. కడుపు నిండకపోతే తిన్న పప్పు కూడా పొయ్యిలో కట్టెలెక్క కాలిపోతది, కండ పెంచడానికి మిగలదు. ఈ సంగతి మన ఎడ్లకు మేత వేసేటప్పుడు మనకు తెలుసు. చెక్క ఒక్కటే పెట్టి చొప్ప వేయకపోతే ఎద్దు నిలబడుతదా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఎన్ఐఎన్ వాళ్లు బక్కచిక్కిన పిల్లల కోసం ఒక మిశ్రమం తయారుచేసిన్రు. డాక్టర్ల పుస్తకాల్లో దాని పేరు హైదరాబాద్ మిక్స్. ఒక పిల్లకు ఒక రోజుకు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16 గ్రాములు, వేయించిన పల్లీలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొత్తం 86 గ్రాములు. 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రోటీన్. ఇంట్లో తినే తిండి కాకుండా ఇది పైన.

వేయించిన గింజ, వేయించిన పప్పు, నూనె గింజ, బెల్లం. ఇప్పుడు మనసులో పెట్టుకున్న నాలుగు మాటలు బయటికి తీయండి. మా ఆవిడకు ఈ లెక్క చదివి వినిపిస్తే ‘దీనికి ఇంత చదువు కావాల్నా, ఇది సత్తుపిండే గదా’ అన్నది. పిండి అదే, నిజమే. కానీ ఎంత పాలు ఏది వేయాలి, రోజుకు ఎంత పెడితే బరువు పెరుగుతది అనే లెక్క కట్టింది వాళ్లు. గోధుమలో లైసిన్ అనే ప్రోటీన్ ముక్క తక్కువ, శనగలో అది ఎక్కువ. శనగలో మెథియోనిన్ తక్కువ, గింజల్లో అది ఉంటది. రెండూ ఒక ముద్దలో కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తది. పల్లీ నూనెతో చిన్న ముద్దలోనే ఎక్కువ శక్తి పడుతది. పిల్ల కడుపు చిన్నది, అరగిన్నె జావలో నీళ్లే ఎక్కువైతే కడుపు నిండుతది కానీ ఒళ్లు నిండదు. ఇక బెల్లం దేనికి? పిల్ల నోరు తెరవాలి గదా.

నాకు ఈ చివరి ముక్కే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తది. వేయించుడు, బెల్లం. పచ్చి గోధుమ పిండి జావ కాస్తే మైదా జిగురు లెక్క ఉంటది, ఏ పిల్లయినా ఉమ్మేస్తది. అదే గోధుమను దోరగా వేయించినంక పడితే ఇల్లంతా వాసన వస్తది. వేయిస్తే తేమ పోయి పిండి నిల్వ ఉంటది, తొందరగా అరుగుతది కూడా.

1975 అక్టోబరు 2న కేంద్రం ఐసీడీఎస్ పథకం పెట్టింది, మన అంగన్‌వాడీలు అట్లా వచ్చినవే. మొదట దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులే. తర్వాత ఊరూరికీ పాకింది. ఇప్పుడు తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తున్నరు. అందులో నూటికి వేయించిన గోధుమ 55 పాళ్లు, శనగపప్పు 5, పాలపొడి 10, నూనె 10, చక్కెర 20. దీన్ని హైదరాబాద్ మిక్స్ పక్కన పెట్టి చూడండి. పల్లీ పోయి నూనె వచ్చింది. బెల్లం పోయి చక్కెర వచ్చింది. శనగ తగ్గింది, దాని బదులు పాలపొడి. పోషకాల లెక్కలో ఇది చెడ్డది కాదు, పాలపొడి పిల్లకు మేలే. కానీ రుచిలో తేడా ఉంది. పల్లీ వేయించిన వాసన పాలపొడిలో రాదు. ఇంకోటి, మన మూడు పంటల్లో రెండు ఆ ప్యాకెట్టులోంచి బయటికి పోయినయ్.

ఆ ప్యాకెట్టును ఎట్లా వండాలో తల్లులకు విడమరిచి చెప్పేది ఎవరు? టీచరమ్మకు రిజిస్టర్లకే టైము చాలదు. నీళ్లలో కలిపి ఉడికించి పెడితే పిల్లకు రెండో రోజే మొహం మొత్తుతది. మా ఆవిడ బాలామృతాన్ని మూకుట్లో అర చెంచా నెయ్యి వేసి మళ్లీ కాస్త వేయించి, గోరువెచ్చని పాలు చిలకరించి, చిన్న చిన్న ఉండలు కడుతది. పైన వేయించిన నువ్వుల్లో పొర్లిస్తది. అదే పిండి. పక్కింటి పిల్లలు కూడా వచ్చి అడుగుతరు. దంతాలు రాని పిల్లకయితే అదే వేయించిన పిండిని పాలల్లో మెత్తగా ఉడికించి, మగ్గిన అరటిపండు మెదిపి కలపాలి.

నా కొడుకు, కోడలు మధురానగర్‌లో ఉంటరు, అమీర్‌పేటకు ఒక స్టేషన్ అవతల. మనుమరాలికి నాలుగేళ్లు. ఎర్రగడ్డ రైతు బజారుకు సరుకు వేసుకుపోయిన రోజు మధ్యాహ్నం అటు పోయి వస్తుంటా. (రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలైనయ్, దళారీ లేకుండా మనం తక్కెడ పట్టుకునే చోటు దొరికింది అప్పుడే. దాని సంగతి ఇంకో పోస్టులో.) ఆ గల్లీల్లో ఎటు చూసినా మన జిల్లాల పిల్లలే. తొమ్మిదింటికి క్లాసు, అంతకుముందు ఒక ఇడ్లీ, రాత్రి కర్రీ పాయింటులో పావు కిలో కూర తెచ్చుకుని హాస్టల్ అన్నంలో కలుపుకునుడు. కిందనున్న కిరాణా కొట్టులో తోరణాలు కట్టినట్టు వేలాడే ఐదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్లు. చిప్స్, కురుకురే లాంటివి. కాస్త పెద్ద షాపులో అయితే పల్లీ చిక్కీ కూడా ఉంటది, బంగారు రంగు కాగితంలో. మనం యార్డులో క్వింటాల్ లెక్కన అమ్మిన పల్లీ అక్కడ గ్రాముల లెక్కన కనబడుతది. చూసి నవ్వొస్తది, కాస్త కడుపు కూడా మండుతది.

పెద్ద డబ్బాల్లో ‘ఆరోగ్య పానీయం’ అని అమ్మే పొడుల మాట చెప్పాలి. పిల్ల ఎత్తు పెరుగుతది అని టీవీలో చూపెట్టి అమ్మిన్రు ఇన్నేళ్లు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ కంపెనీలకు ఉత్తరం రాసింది, అట్లాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ అనే వరుసలో పెట్టి అమ్మొద్దని. అసలు ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అనే మాటకు అర్థమే రాసి లేదట! మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ పిండి, ఇంకేం కాదు. మన రాగి మాల్ట్ అదే. మొలకల్లో ఒక గుణం ఉంది. గట్టిగా కాచిన జావ గోరువెచ్చగా అయినంక అందులో ఒక చెంచాడు మొలకల పిండి కలిపితే, కాసేపట్లో అది పలచబడుతది, నీళ్లు పోయకుండానే. ఆ తర్వాత ఒక పొంగు వచ్చేదాకా మళ్లీ కాచి పెట్టాలి. పిల్ల సులువుగా మింగుతది, పిండి మాత్రం గట్టి జావలో ఉన్నంత ఉంటది. బరోడాలో తారా గోపాల్‌దాస్ అనే ప్రొఫెసరమ్మ 1980లలో దీని మీద చాలా పని చేసింది. దీనికి రాగులు గానీ గోధుమలు గానీ వాడండి. జొన్న మొలకలు మాత్రం వద్దు. లేత జొన్న మేసి పశువు పడిపోవడం మనం చూసినవాళ్లమే, ఆ విషమే మొలకల్లో కూడా ఉంటది.

తిండి మారడానికి ఫ్యాక్టరీలను ఒక్కటే అనడం న్యాయం కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంక మన ఇండ్లల్లో గట్క కుండ మూలకు పోయింది. ఆకలి తగ్గింది, అది పెద్ద మేలు, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. కానీ తెల్లన్నం తినుడు గౌరవం అయింది, జొన్న తినుడు చిన్నతనం అయింది. పిల్లలకు నేర్పింది కూడా అదే. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటది, తెల్ల బియ్యంలో పది చుట్టూ. ఎముకలు పెరిగే వయసు పిల్లకు ఏది కావాలో వేరే చెప్పక్కరలేదు. పంజాగుట్టలో నిమ్స్ మొదలయింది ఎముకల ఆసుపత్రిగానే, నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్ అనేవాళ్లు. ముసలోళ్ల నడుములు, మోకాళ్లు పట్టుకుని అక్కడికి పోతున్నం. ఆ ఎముక గట్టిపడాల్సింది మాత్రం చిన్నప్పుడే.

బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆర్డరు ఇచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి మొదలైంది. చిన్న తరగతుల పిల్లకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలని లెక్క. తెలంగాణ వచ్చినంక 2015 జనవరి నుంచి బడుల్లో, హాస్టళ్లలో సన్న బియ్యం పెడుతున్నరు. దొడ్డు బియ్యం అన్నం పిల్లలు సగం పారేసేవాళ్లు, సన్నబియ్యం వచ్చినంక తింటున్నరు. పోషకం లెక్కన రెండూ ఒకటే. తేడా అంతా నోటికి బాగుండుడే!

చిరుధాన్యాలు పిల్లలు తినరు అనేవాళ్లకు ఒక ముచ్చట. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ వాళ్లు కర్ణాటకలో బెంగళూరు దగ్గరి బడుల్లో 1500 మంది పిల్లలకు మూడు నెలలు చిరుధాన్యాల భోజనం పెట్టించిన్రు. రాగి ఇడ్లీ, సామలు, సజ్జలతో బిసిబేళ బాత్, ఉప్మా. 2019లో ఫలితం వచ్చింది. పిల్లలు మంచి మార్కులు వేసిన్రు, ఎదుగుదల కూడా మామూలు బియ్యం భోజనం తిన్నోళ్ల కన్నా బాగుంది. వాళ్లు పెట్టింది గట్క కాదు, అంబలి కాదు. పిల్లలు రోజూ చూసే ఇడ్లీ, ఉప్మా రూపంలోనే పెట్టిన్రు. మన దగ్గర కూడా ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల్లో ‘గిరి పోషణ’ పేరుతో జొన్నలు, పప్పులు కలిపిన తిండి అంగన్‌వాడీల్లో పెట్టిన్రు.

కేరళ సంగతి వింటే మనకు కాస్త రోషం రావాలి. అక్కడ మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే ‘అమృతం న్యూట్రిమిక్స్’ను కుటుంబశ్రీ మహిళా సంఘాలు చిన్న చిన్న యూనిట్లు పెట్టి తయారుచేస్తున్నయి. గోధుమ, శనగ, సోయా, పల్లీ, చక్కెర. వాళ్ల దగ్గర ఇందులో పండేది ఎంత? కొబ్బరి చెట్ల కింద కూర్చుని బయటి రాష్ట్రాల పల్లీ, శనగ తెప్పించుకుని అక్కచెల్లెళ్లు పిండి పడుతున్నరు, కూలి సంపాదిస్తున్నరు. మన దగ్గర పల్లీ ఉంది, శనగ ఉంది, జొన్న ఉంది, మహిళా సంఘాలు ఊరికి పది ఉన్నయి. సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న ఇంకో ఆర్డరులో చెప్పింది కూడా, అంగన్‌వాడీ తిండికి కాంట్రాక్టర్లను పెట్టొద్దు, వీలయినంత వరకు గ్రామ సంఘాలు, స్వయం సహాయక సంఘాల చేతనే చేయించాలని. నాచారం ఫ్యాక్టరీ ప్రభుత్వానిదే, కాంట్రాక్టరుది కాదు, కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. ఒక్కచోటి నుంచి రాష్ట్రమంతా పంపాలంటే రుచి ఒక్కటే ఉంటది, తప్పదు. మండలానికి ఒక సంఘం పడితే, అదే లెక్కతో, ఆదిలాబాద్‌లో జొన్నతో, పాలమూరులో రాగితో, ఆ ఊరి నాలుకకు తగ్గట్టు చేయొచ్చు. వెంగళరావునగర్ ఆఫీసుకు మన సంఘాల తరఫున రాయాల్సిన అర్జీ ఇదే అని నా ఉద్దేశం. రాసే పని నేను పెట్టుకుంటా, సంతకాలు పెట్టేవాళ్లు ముందుకు రండి.

ఇంట్లో చేసుకునేవాళ్లకు కొలతలు చెప్తా. గోధుమలు 400 గ్రాములు, పుట్నాలు 160, పల్లీలు 100, బెల్లం 200. ఒక పిల్లకు పది రోజులకు సరిపోతది. గోధుమ బదులు జొన్న వేయొచ్చు, శక్తి దాదాపు అంతే, ప్రోటీన్ కొద్దిగా తగ్గుతది. సగం జొన్న, సగం రాగి వేస్తే ఇంకా మంచిది. దేనికదే వేరువేరుగా సన్న మంట మీద వేయించండి, అన్నీ ఒకేసారి మూకుట్లో పోస్తే పల్లీ మాడుతది, గోధుమ పచ్చిగానే ఉంటది. పల్లీ పొట్టు ఊదేయండి. పూర్తిగా చల్లారినంకనే పట్టాలి, బెల్లం చివరకు దంచి కలపాలి. పొడి డబ్బాలో పదిహేను రోజులకు మించి ఉంచొద్దు, పల్లీ నూనె కనరెక్కుతది.

రెండు జాగ్రత్తలు. రెండేళ్లలోపు పిల్లకు చక్కెర, బెల్లం కలపొద్దని ఇప్పుడు ఎన్ఐఎన్ వాళ్లే 2024లో తెచ్చిన మార్గదర్శకాల్లో చెప్తున్నరు. అంత చిన్న పిల్లకు అయితే బెల్లం ఆపేసి అరటిపండు మెదిపి కలపండి. పల్లీ గింజను గింజలాగ చిన్న పిల్ల చేతికి ఇవ్వొద్దు, గొంతులో పడితే ప్రమాదం. పొడి చేసే పెట్టాలి.

ఇక పల్లీ. ఇది మనం వినాల్సిన మాట, కొనేవాళ్లు కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయినయి. దాణాలో కలిపిన పల్లి చెక్కకు బూజు పట్టి, అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారయిందని తర్వాత తేలింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ ఊళ్లల్లో తడిసి బూజు పట్టిన మక్కలు తిని 100 మందికి పైగా కాలేయం చెడి చనిపోయిన్రు. పోయి పరిశీలించింది మళ్లీ ఈ తార్నాక వాళ్లే. ఈ విషం వేయించినా పూర్తిగా పోదు. రంగు మారిన గింజ, ముడుచుకున్న గింజ, బూజు వాసన కొట్టే గింజ మార్కెట్టులో తక్కువ రేటుకయినా పోతది, చిక్కీ చేసేవాళ్లు కొంటరు కూడా. ఆ చిక్కీ మళ్లీ అమీర్‌పేట కిరాణా కొట్టు ముందర వేలాడుతది, మన మనుమలే కొనుక్కుంటరు. అందుకే పల్లీ పీకినంక కాయ పైకి వచ్చేటట్టు చెట్టు తిప్పి ఎండబెట్టండి. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి, తేమ 8 శాతానికి దిగాలి. ఎండక ముందే కుప్ప వేయొద్దు, వాన పడుతుంటే టార్పాలిన్ కింద మూసిపెట్టి ఉక్కబోయనీయొద్దు, గాలి ఆడనీయాలి. గోనె సంచులు నేల మీద కాదు, కట్టెల మీద పేర్చండి.

మా ఇంట్లో పిల్లల సత్తుకు విత్తనం పల్లీలోంచే తీస్తం, ఒక్కొక్క గింజ చాటలో చూసి ఏరినవి. జొన్న, పెసరతో సత్తు చేసేవాళ్లు పాళ్లు ఎట్లా వేస్తరో, ఎన్ని రోజులు నిల్వ ఉంటదో రాయండి. నల్లగొండ, పాలమూరు వాళ్లు ముఖ్యంగా.